నాయకత్వం పుట్టుకతో వస్తుందా, పదవితో వస్తుందా? – 26 ఏళ్లు షిఫ్టుల్లో పనిచేసిన అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆరేళ్లుగా ఒక బృందంలో పనిచేస్తున్నారు. గత నెల మిమ్మల్నే దానికి లీడ్‌గా వేశారు. తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లలో ఒకాయన మీకంటే సీనియర్, ఆ స్థానం తనకే వస్తుందని ఎదురుచూశారు. మీరేమో తక్కువ మాట్లాడే మనిషి. "అసలు నాయకత్వం అంటే ఏమిటి? పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా? నాలాంటివాళ్లకి వస్తుందా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. నాయకత్వం అంటే పూచీ పడటం. మీ ఒక్కరి చేతిలో లేని పనికి, మీరు స్వయంగా చేయని పనికి కూడా "దీనికి నాది జవాబుదారీ" అని నిలబడటం. మీరు నిలబడతారని నమ్మి పక్కవాళ్లు మీ మాట మీద అడుగు వేయడం. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం ఒట్టి మాటే. ఇది నేర్చుకుంటే వస్తుంది, మితభాషికీ వస్తుంది. కాకపోతే నియామకపు ఉత్తర్వుతో పాటు రాదు, చాలా ఆలస్యంగా వస్తుంది. నాకు దాదాపు మూడేళ్లు పట్టింది.

నేను యంత్రాల మెయింటెనెన్స్‌లో హెల్పర్‌గా చేరి, షిఫ్టు ఇన్‌ఛార్జి అయి, చివరి తొమ్మిదేళ్లు కొత్తగా సూపర్‌వైజర్లయిన వాళ్లకు శిక్షణ ఇచ్చాను. నా ఉదాహరణలన్నీ అక్కడివే. మీ రంగం వేరైనా మనుషులు మనుషులే కాబట్టి పనికొస్తాయనుకుంటున్నాను.

పూచీ అనే మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్తాను. చేరిన రెండో ఏడు, ఒక రాత్రి షిఫ్టులో పంపు కప్లింగ్ (పంపునూ మోటారునూ కలిపే భాగం) బోల్టులు బిగించే పని నాకిచ్చారు. తొందరలో రెండు బోల్టులు చేత్తో తిప్పి వదిలేశాను, రెంచి వేయలేదు. తెల్లవారుజామున కప్లింగ్ ఊడిపోయింది. పొద్దున మేనేజరు వచ్చి "ఎవరు చేశారిది?" అని గట్టిగా అడిగారు. నా గొంతు పెగల్లేదు. మా ఇన్‌ఛార్జి మాత్రం "నా షిఫ్టులో జరిగింది సార్, చూసుకోవాల్సింది నేను. మధ్యాహ్నానికల్లా నడిపించి ఇస్తాను" అన్నారు. అంతే, నా పేరు ఎత్తలేదు. మేనేజరు వెళ్లాక నన్ను పక్కకు పిలిచి, ఎనిమిది బోల్టులూ విప్పించి, ఎంత బలంతో బిగించాలో చూపే టార్క్ రెంచితో మళ్లీ ఒక్కొక్కటీ బిగించి, బిగించినదాని మీద పెయింటు గుర్తు పెట్టించారు. ఒక్క తిట్టు తిట్టలేదు. ఆ తర్వాత ఆయన షిఫ్టులో పనిచేసినంత కాలం నేను ఒక్క బోల్టు వదల్లేదు. భయంతో మాత్రం కాదు. ఆయన నా తరఫున మాట పడ్డారు, మరోసారి పడనివ్వకూడదు అనిపించింది.

చూడండి, ఆయన ఇక్కడ రెండు పనులు చేశారు. బయటివాళ్ల ముందు తప్పును తన మీద వేసుకున్నారు. లోపల ఆ తప్పును వదిలిపెట్టలేదు. మొదటిది మాత్రమే చేసేవాళ్లు మంచివాళ్లుగా మిగిలిపోతారు, పని పాడవుతుంది. రెండోది మాత్రమే చేసేవాళ్ల దగ్గర పని జరుగుతుంది గానీ, వాళ్లు లేని రోజున ఆగిపోతుంది.

లేని రోజు సంగతి ఎందుకెత్తానంటే దానికి ఒక పాత ప్రయోగం ఉంది. 1939లో కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ అనే ముగ్గురు పరిశోధకులు, పదేళ్ల వయసు అబ్బాయిలతో చిన్న చిన్న క్లబ్బులు పెట్టి, మూడు రకాల పెద్దల కింద వాళ్లు ఎలా పనిచేస్తారో చూశారు. ఒకరు అన్నీ తానే ఆజ్ఞాపించే రకం, ఒకరు పిల్లలతో మాట్లాడి నిర్ణయించే రకం, ఒకరు ఏమీ పట్టించుకోని రకం. ఆజ్ఞాపించే పెద్దమనిషి గదిలో ఉన్నంతసేపూ పని బాగా సాగింది, ఆయన బయటికి వెళ్లగానే పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న గుంపులో ఆ తేడా పెద్దగా లేదు. నాకైతే నాయకత్వాన్ని కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద కనిపించలేదు. మీరు ఉన్నప్పుడు ఏం జరిగిందో చూడకండి, మీరు సెలవులో ఉన్న వారం ఏం జరిగిందో చూడండి.

ఇక పుట్టుక గురించి. మనుషులు దీని మీద చాలాకాలంగా వాదించుకుంటున్నారు. రాల్ఫ్ స్టాగ్డిల్ అనే పరిశోధకుడు 1948లో, అంతకుముందు నాలుగు దశాబ్దాల్లో వచ్చిన 124 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. తెలివి, పట్టుదల, బాధ్యత తీసుకునే గుణం లాంటివి నాయకుల్లో కాస్త ఎక్కువగా కనిపించాయి, నిజమే. కానీ ఈ ఈ గుణాలుంటే చాలు నాయకుడవుతాడు అనే జాబితా ఏదీ నిలబడలేదు. ఒక సందర్భంలో నాయకుడైనవాడు మరో సందర్భంలో కాకపోవచ్చు అని తేల్చారు. 2006లో రిచర్డ్ ఆర్వీ, ఆయన సహచరులు కవల సోదరుల మీద చేసిన అధ్యయనంలో, ఎవరు నాయకత్వ స్థానాలకు వెళ్తారన్న తేడాల్లో సుమారు 30 శాతం పుట్టుకకు చెందిందని లెక్క తేలింది. మిగతాదంతా ఒక్కొక్కరికి దొరికిన అవకాశాలు, ఎదురైన అనుభవాలు. కాబట్టి పుట్టుక ఊసే లేదనడం అబద్ధం, పుట్టుకే అంతా అనడం అంతకంటే పెద్ద అబద్ధం.

నేను శిక్షణ ఇచ్చినవాళ్లలో గలగలా మాట్లాడి మొదటి రోజే అందరినీ ఆకట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో సగం మంది ఏడాది తిరిగేసరికి జట్టు నమ్మకం పోగొట్టుకున్నారు. చెప్పినన్ని మాటలు నిలబెట్టుకోలేకపోవడమే కారణం. మా దగ్గరే నాణ్యత తనిఖీలో ఒకావిడ ఉండేవారు. మీటింగులో మూడు వాక్యాలు మాట్లాడితే ఎక్కువ. కానీ సరుకులో తేడా కనిపిస్తే లైను ఆపేవారు, ఎందుకు ఆపానో నిదానంగా చూపించేవారు, తన అంచనా తప్పయిన రోజున "ఇవాళ నేను ఆపకుండా ఉండాల్సింది" అని అందరి ముందే చెప్పేవారు. నాలుగేళ్లకు ఆవిడ ఆ విభాగానికి పెద్ద అయ్యారు. పదవి రాకముందు నుంచే ఏ సందేహం వచ్చినా అందరూ ఆవిడ బల్ల దగ్గరికే వెళ్లేవారు. తక్కువ మాట్లాడటం మీకు అడ్డు కాదు. అవసరమైన ఒక్క మాట మింగేయడం మాత్రం అడ్డే. ఈ రెండింటినీ కలిపేసుకోకండి.

ఆర్భాటం లేని నాయకత్వం ఎలా ఉంటుందో చెప్పమంటే నేను ఎప్పుడూ ఫ్రాంక్ వైల్డ్ పేరు చెప్తాను. ఎర్నెస్ట్ షాకిల్టన్ పేరు చాలామంది విని ఉంటారు. తనతో కలిపి 28 మందితో అంటార్కిటికా యాత్రకు వెళ్తే ఆయన ఓడ ఎండ్యూరెన్స్ మంచులో ఇరుక్కుని 1915 నవంబరులో మునిగిపోయింది. తర్వాత పడవల మీద ఎలిఫెంట్ దీవికి చేరారు. అక్కడి నుంచి షాకిల్టన్ ఐదుగురితో చిన్న పడవలో సహాయం కోసం బయల్దేరారు. 1916 ఏప్రిల్ 24న. ఆ సాహసం గురించి అందరూ చెప్తారు. వెనక మిగిలిన 22 మంది సంగతి తక్కువ చెప్తారు. వాళ్లను యాత్రలో తన తర్వాతి స్థానంలో ఉన్న వైల్డ్‌కు అప్పగించి వెళ్లారు. రెండు పడవలు తిరగేసి వాటి కిందే కాపురం. సహాయం వస్తుందో రాదో తెలియదు, వెళ్లినవాళ్లు బతికున్నారో లేదో తెలియదు. ఓడ ఆగస్టు 30న వచ్చింది, అంటే నాలుగు నెలలకు పైనే. వైల్డ్ పొద్దున్నే పక్కలు చుట్టి సర్దుకోమనేవారు, ఇవాళే బాస్ రావచ్చని. పనులు వంతులవారీగా నడిపించారు. 22 మందీ బతికారు. గొప్ప ఉపన్యాసం ఏమీ లేదు అక్కడ. రోజూ అదే పని, అదే క్రమం, మనిషి తడబడకుండా నిలబడటం. నాయకత్వంలో ఎక్కువ భాగం చూడటానికి ఇలా చప్పగానే ఉంటుంది, అందుకే బయటికి కనపడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్త లీడ్‌లు దెబ్బతినేది ఇక్కడే. నేనూ ఇక్కడే తిన్నాను.

చెడు కబురు మీ దాకా ఎంత తొందరగా వస్తోంది?

ఇన్‌ఛార్జి అయిన మొదటి ఏడాది. ఒక ఆపరేటర్ వచ్చి మోటారు శబ్దం తేడాగా ఉందన్నాడు. నేను వేరే పనిలో మునిగి ఉన్నాను. "నీకు అన్నీ తేడాగానే వినిపిస్తాయి, వెళ్లి పని చూసుకో" అన్నాను. వెళ్లి చూస్తే నిజంగానే ఏమీ లేదు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండు నెలల తర్వాత మరో యంత్రంలో బేరింగు పట్టేసి లైను 19 గంటలు ఆగిపోయింది. తర్వాత తెలిసింది, అదే ఆపరేటర్ మూడు రోజుల ముందే ఆ బేరింగు శబ్దం విన్నాడట. "చెప్తే మళ్లీ అంటారేమో అని ఊరుకున్నా" అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు కదా. ఆ ఒక్క మాటకు 19 గంటలు కట్టాను. నష్టం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది, అతను ఆ మూడు రోజులూ నన్ను చూసి మౌనంగా పక్కనుంచి వెళ్లిపోయాడన్న సంగతి.

ఇది మా ఫ్యాక్టరీ గొడవ మాత్రమే అనుకోకండి. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక విమానం ల్యాండింగ్ గేర్‌లో సమస్య వచ్చి సుమారు గంటసేపు ఆకాశంలో చక్కర్లు కొట్టింది. కెప్టెన్ ధ్యాసంతా గేరు మీద, దిగాక ప్రయాణికులను ఎలా బయటికి పంపాలన్నదాని మీద ఉంది. ఇంధనం తగ్గిపోతోందని పక్కనున్న ఇద్దరు సిబ్బందికీ తెలుసు. చెప్పారు కూడా. కానీ మెత్తగా చెప్పారు, పట్టుబట్టలేదు. ఇంధనం అయిపోయి విమానం కూలింది, 189 మందిలో 10 మంది చనిపోయారు. కెప్టెన్ చేతగానివాడేమీ కాదు, ఎంతో అనుభవం ఉన్నవాడే. ఆ తర్వాత విమానయాన రంగంలో సిబ్బంది శిక్షణే మారిపోయింది. కింది ఉద్యోగి ధైర్యంగా చెప్పడం, పై ఉద్యోగి వినడం కూడా ఇంజిన్ నడపడం లాంటి నైపుణ్యమేనని ప్రత్యేకంగా నేర్పడం మొదలుపెట్టారు.

ఇంకొకటి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెడితే, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. కారణం, అక్కడివాళ్లు తప్పును దాచకుండా బయటికి చెప్పుకుంటున్నారు. కాబట్టి మీ బృందంలో మొదటి మూడు నెలలూ సమస్యలేమీ మీ దాకా రాకపోతే సంతోషించకండి. ఎందుకు రావట్లేదో కనుక్కోండి.

ఆ బేరింగు సంఘటన తర్వాత నేను చేసింది ఇది. షిఫ్టు మొదట్లో ఐదు నిమిషాలు నిలబడి మూడే ప్రశ్నలు అడిగేవాణ్ణి: నిన్న ఏది తేడాగా అనిపించింది? ఇవాళ ఏది ఆగిపోయేలా ఉంది? నేను ఏది అడ్డు తొలగించాలి? మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. మూడో వారం నేనే నా పొరపాటు ఒకటి చెప్పాను, విడిభాగాల ఆర్డరు పెట్టడం మర్చిపోయానని. ఆ మర్నాడు ఒకరు మాట్లాడారు. ఆ ఆపరేటర్ నోరు విప్పడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది. ఎవరైనా సమస్య తెస్తే మొదటి మాట "చెప్పినందుకు మంచిదైంది" అని ఉండాలని పట్టుదలగా అలవాటు చేసుకున్నాను. తప్పు కబురైనా సరే. పది తప్పు కబుర్లు వింటేనే పదకొండోది, అసలుది, మీ దాకా వస్తుంది.

కొత్త లీడ్‌లు చేసే ఇంకో పొరపాటు రెంచి లాక్కోవడం. పని బాగా వచ్చు కాబట్టే మిమ్మల్ని ఎంచుకున్నారు. అందుకే ఎదుటివాడు నెమ్మదిగా చేస్తుంటే చెయ్యి ఊరుకోదు. నేను ఏడాదిన్నర అలాగే చేశాను, జట్టు నా వెనక చేతులు కట్టుకుని నిలబడేది. పది రోజులు సెలవు పెడితే నాకొక్కడికే తెలిసిన ఒక సెట్టింగు కోసం యంత్రం ఆగి కూర్చుంది. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. ప్రమాదం లేనంతవరకు, గంట పని రెండు గంటలు పట్టినా, రెంచి వాళ్ల చేతిలోనే ఉండాలి. నేను ప్రశ్నలు మాత్రమే అడగాలి.

అయితే ప్రమాదం ఉన్నచోట ఇదంతా పక్కన పెట్టాలి. మంట అంటుకుంటే అభిప్రాయాలు అడగకూడదు, ఒకరు చెప్పాలి, అందరూ చేయాలి. అలాగే నిన్న చేరినవాడికి "నీకు తోచినట్టు చెయ్" అనడం గౌరవం కాదు, వాణ్ణి గాలికి వదిలేయడం. వాడికి అడుగడుగునా చెప్పాలి. పదేళ్ల అనుభవం ఉన్నవాడికి అదే తీరున చెప్తే అవమానం. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో ఈ విషయాన్నే ఒక పద్ధతిగా చెప్పారు. పద్ధతి పేరు గుర్తుండాల్సిన పని లేదు, ఎదుటివాడు ఈ పనిలో ఎక్కడున్నాడో చూసి మాట్లాడితే చాలు. "నా స్టైల్ ఇది" అని అందరినీ ఒకే గాటన కట్టేవాళ్లంటే నాకు గురి లేదు.

ఒక హెచ్చరిక కూడా. పూచీ ఇచ్చి అధికారం ఇవ్వని చోట ఎంత మంచివాడైనా నలిగిపోతాడు. మీ పైవాళ్లతో ఈ వారమే కూర్చుని స్పష్టంగా అడగండి: సెలవులు మంజూరు చేసేది ఎవరు? పని ఆపమనే హక్కు నాకుందా? ఎవరికి ఏ పని ఇవ్వాలో నేను నిర్ణయించవచ్చా? జవాబులు రాసుకుని వాళ్లకే తిరిగి పంపండి. నేను ఇది అడగకుండా మొహమాటపడి రెండేళ్లు పోగొట్టుకున్నాను. నా జట్టుకు నేనిచ్చిన మాటలను పైవాళ్లు కొట్టేస్తుంటే, జట్టు ముందు నిలబడటానికి ముఖం చెల్లేది కాదు.

ఇంకా, అందరూ నాయకులు కావాలనేం లేదు. కొందరికి యంత్రంతో ఉండటమే ఇష్టం, వాళ్లు అందులో ఎంతో ఎత్తుకు వెళ్తారు. ఆర్నెల్లు ప్రయత్నించాక, మనుషుల ఇబ్బందులు వినడం మీకు రోజూ శిక్షలా అనిపిస్తే, వెనక్కి వెళ్తానని అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. నా దగ్గర శిక్షణ తీసుకున్న ఇద్దరు అలా వెళ్లారు, ఇప్పుడు తమ పనిలో హాయిగా ఉన్నారు.

చివరగా మీ సీనియర్ సంగతి. మీ ప్రశ్నలో మీకు ఎక్కువ భయం ఉన్నది ఇక్కడేనని నాకు అనిపించింది. నాకూ అలాంటి సీనియర్ ఒకాయన ఉండేవారు. నేను మొదటి మూడు నెలలు ఆయన్ను తప్పించుకు తిరిగాను, అదే నేను చేసిన పెద్ద పొరపాటు. ఆ మౌనాన్ని ఆయన అహంకారం అనుకున్నారు. మీరు ఆలస్యం చేయకండి. మిగతా ఎనిమిది మందితో విడివిడిగా ఇరవై నిమిషాలు మాట్లాడండి, కానీ మొదట ఆయనతోనే మాట్లాడండి. "ఈ స్థానం మీకు రావాల్సింది" అని బుజ్జగించకండి, అది నిజం కాకపోతే ఆయనకే తెలిసిపోతుంది. "మీరు ఆశించారని నాకు తెలుసు. ఈ పనిలో మీకు తెలిసినంత నాకు తెలియదు. ఫలానా విషయంలో తుది మాట మీదే ఉండాలని అనుకుంటున్నాను, ఏమంటారు?" అని ఒక నిజమైన పని పేరు పెట్టి అడగండి. అడిగాక ఆ పనిలో వేలు పెట్టకండి. ఆయన నిర్ణయం తప్పయినా, పైవాళ్ల ముందు పూచీ మీదే.

నా విషయంలో, చివరికి నేను ఇలా అడిగిన రోజు ఆయన ఏమీ అనలేదు, తల ఊపి వెళ్లిపోయారు. ఆయన మెత్తబడటానికి ఎనిమిది నెలలు పట్టింది. మేము మళ్లీ మునుపటి స్నేహితులం కాలేదు, ఆ సంగతి దాచను. కానీ ఆయన షిఫ్టు దిగేటప్పుడు లాగ్‌బుక్‌లో ఒక్క విషయం కూడా వదలకుండా రాసేవారు, అనుమానం ఉన్నచోట కింద గీత గీసి మరీ. నేను రాగానే ముందు ఆ గీతలు వెతుక్కునేవాణ్ణి.